టర్బో విప్పకముందే బూస్ట్ తేడాని పట్టుకోవడం ఎలా

టర్బో అంటే ఎగ్జాస్ట్ బలంతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపేది, అలా బయటి గాలి పైన అదనంగా వచ్చే పీడనమే బూస్ట్. తర్వాత బిగించుకున్న టర్బో కిట్‌తో తిరిగే ఆఫ్‌రోడ్ బండి ఒకరోజు ఎత్తు ఎక్కుతూ ఆయాసపడుతుంది. బూస్ట్ గేజ్‌లో ముల్లు రోజూ వెళ్లే చోటుకి వెళ్లదు. లేదంటే ఆగాల్సిన చోట ఆగకుండా పైపైకి పోతుంది. రెండిట్లో ఏది జరిగినా మనకి ముందు వచ్చే అనుమానం ఒకటే: టర్బో పోయింది. నన్నడిగితే టర్బోని ఆఖరి ముద్దాయిగా చూడాలి. దానికి ముందూ వెనకా ఉన్న రబ్బరు హోసులు, క్లాంపులు, పెన్సిల్ అంత లావు కూడా లేని ఒక చిన్న గొట్టం, తప్పు ఎక్కువసార్లు వీటిలోనే దొరుకుతుంది. అందుకే ఖర్చు లేని చోట మొదలుపెట్టి, ఖర్చయ్యే చోటుకి చివర్లో వెళ్దాం.

ఒక్క షరతు. ఈ పని పూర్తయ్యేదాకా బూస్ట్ కంట్రోలర్ (బూస్ట్ హద్దుని పెంచే, తగ్గించే భాగం) సెట్టింగ్ మీద చెయ్యి వెయ్యకండి. ఎందుకో తర్వాత చెబుతాను, అది నాకు తగిలిన దెబ్బే.

ముందు కాగితం మీద గీయండి

ఫ్యాక్టరీలోనే టర్బోతో వచ్చిన బండికి సర్వీస్ మాన్యువల్ ఉంటుంది, ఏ గొట్టం ఎటు పోతుందో బొమ్మ ఉంటుంది. కిట్ బండికి అలా కాదు. బిగించిన మనిషికి ఏది వీలుగా ఉంటే అటు తిప్పి ఉంటాడు. కాబట్టి మీ బండి బొమ్మ మీరే గీసుకోండి. ఎయిర్ ఫిల్టర్, సక్షన్ పైపు, కంప్రెసర్ (టర్బోలో గాలిని నొక్కే వైపు), ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచేది), పెట్రోల్ బండైతే థ్రాటిల్ బాడీ, ఇంటేక్ మానిఫోల్డ్ (గాలిని సిలిండర్లకి పంచేది), ఇంజన్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, టర్బైన్ (టర్బోలో ఎగ్జాస్ట్ తిప్పే వైపు), సైలెన్సర్. గాలి వెళ్లే పెద్ద దారి ఇది. తర్వాత వేరే రంగు పెన్నుతో చిన్న గొట్టాలు గీయండి: వేస్ట్‌గేట్‌కి (బూస్ట్ చాలినప్పుడు ఎగ్జాస్ట్‌ని టర్బైన్ పక్కనుంచి దాటించే గేటు) పోయేది, బ్లో ఆఫ్ వాల్వ్‌కి (కాలు తీసినప్పుడు మిగిలిన గాలిని వదిలేది) పోయేది, గేజ్‌కి పోయేది.

పక్కన మూడు సంగతులు రాయండి. వేస్ట్‌గేట్ స్ప్రింగ్ ఎన్ని పీఎస్‌ఐది (టైర్లలో గాలి కొలిచే అదే కొలత), బండి బాగున్న రోజుల్లో బూస్ట్ ఎంత వచ్చేది, అది ఏ ఆర్‌పీఎం దగ్గర వచ్చేది. స్ప్రింగ్ విలువ తెలియకపోతే కిట్ కాగితాలు వెతకండి, యాక్చుయేటర్ (రాడ్‌తో వేస్ట్‌గేట్‌ని తెరిచే డబ్బా) మీద చెక్కి ఉందేమో చూడండి. ఈ ఒక్క అంకె తెలిస్తే సగం పని అయినట్టే.

గేజ్ నిజమే చెబుతోందా?

ఇంజన్ ఆపేసి ఇగ్నిషన్ ఆన్ చేయండి. మామూలు బూస్ట్ గేజ్ అయితే సున్నా చూపించాలి. 2 పీఎస్‌ఐ చూపిస్తూ కూర్చుంటే అది దారి మీద చూపించే ప్రతి అంకెలోనూ ఆ 2 కలిసి ఉంటుంది.

మొబైల్ యాప్‌లో చూసేవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. ఇంజన్ మ్యాప్ సెన్సర్ (ఇంటేక్ మానిఫోల్డ్‌లో పీడనం కొలిచేది) చెప్పేది మొత్తం పీడనం, బయటి గాలి పీడనంతో కలిపి. సముద్ర మట్టం దగ్గర ఇంజన్ ఆపి ఉన్నప్పుడు అది దాదాపు 101 కిలోపాస్కల్స్ చూపించాలి. 1500 మీటర్ల ఎత్తులో 85 దగ్గర, 3000 మీటర్ల ఎత్తులో 70 దగ్గర ఉంటుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు వచ్చిన అంకెలోంచి దీన్ని తీసేస్తే మిగిలేదే బూస్ట్. 100 కిలోపాస్కల్స్ అంటే 1 బార్, అంటే సుమారు 14.5 పీఎస్‌ఐ.

ఇక్కడ రెండు ఉచ్చులున్నాయి. మొదటిది, మీ ఇంజన్ పుట్టుకతో టర్బో లేనిదైతే దాని అసలు మ్యాప్ సెన్సర్‌కి బయటి గాలి పీడనం దాకానే కొలిచే శక్తి ఉండొచ్చు. దాన్ని మార్చకుండా వదిలేసి ఉంటే యాప్‌లో అంకె 105 దగ్గర అతుక్కుపోతుంది, మీరేమో బూస్టే లేదనుకుంటారు. రెండోది, ఓబీడీ పోర్టు (బండి కంప్యూటర్ నుంచి యాప్‌కి వివరాలు అందే ప్లగ్) ద్వారా మామూలుగా వచ్చే మ్యాప్ విలువ 255 కిలోపాస్కల్స్ దాటి చూపించలేదు. అంటే సముద్ర మట్టం దగ్గర 22 పీఎస్‌ఐ పైన ఎంత బూస్ట్ ఉన్నా యాప్‌కి ఒకటే. ఓవర్‌బూస్ట్ అనుమానం ఉన్నప్పుడు యాప్‌ని నమ్మకండి.

ముల్లు గేజ్ అయితే దాని గొట్టం మొత్తం చేత్తో తడుముతూ పోండి. డ్యాష్‌బోర్డు లోపలికి దూరే రంధ్రం దగ్గర మడత పడి ఉంటుంది, లేదా ఎగ్జాస్ట్ వేడికి మెత్తబడి నొక్కుకుపోయి ఉంటుంది. అనుమానం తీరకపోతే ఇంకో గేజ్ తాత్కాలికంగా తగిలించి పోల్చండి. గేజ్ కనెక్షన్ ఎక్కడి నుంచి తీశారో కూడా చూడండి. కంప్రెసర్ నోటి దగ్గర తీస్తే ఒక అంకె, ఇంటర్‌కూలర్ దాటాక మానిఫోల్డ్‌లో తీస్తే 1, 2 పీఎస్‌ఐ తక్కువ వస్తుంది. అది లోపం కాదు. అంతకన్నా బాగా ఎక్కువ తేడా ఉంటే మాత్రం మధ్యలో ఎక్కడో గాలికి అడ్డు పడుతోంది.

బండికి బరువు పెట్టి చూడండి

న్యూట్రల్‌లో నిలబెట్టి యాక్సిలరేటర్ తొక్కి "బూస్ట్ రావట్లేదు" అనేవాళ్లని చాలామందిని చూశాను. రాదు. టర్బైన్‌ని తిప్పేది ఎగ్జాస్ట్ వేడీ, దాని ప్రవాహమూ. ఇంజన్ మీద బరువు పడనిదే, అంటే అది బండిని గట్టిగా లాగనిదే, ఆ రెండూ చాలినంత పుట్టవు.

ఆఫ్‌రోడ్ బండిలో ఇదే చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. లో రేంజ్‌లో (చక్రాలు నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిరిగే గేర్ల వరసలో), మొదటి గేర్‌లో తొక్కితే ఇంజన్ క్షణాల్లో రెడ్‌లైన్‌కి చేరిపోతుంది. టర్బోకి వేగం అందుకునే టైమే ఉండదు. గేజ్‌లో రోజూ వచ్చేదానికన్నా తక్కువ కనిపిస్తుంది, మనకి టెన్షన్. అందుకని పరీక్ష ఎప్పుడూ హై రేంజ్‌లో, మూడో గేర్‌లో, వాహనాలు లేని ఖాళీ చోట, ప్రతిసారీ అదే ఎక్కుడు దారి మీద చేయండి. తక్కువ ఆర్‌పీఎం నుంచి పూర్తిగా తొక్కి, కిట్ ట్యూన్ చేసిన హద్దు దాకా వెళ్లి వదిలేయండి. పక్క సీట్లో ఒకరిని కూర్చోబెట్టి గేజ్‌నీ ఆర్‌పీఎం మీటర్‌నీ కలిపి వీడియో తీయించండి. మీరు మాత్రం దారి చూడండి.

పెద్ద టైర్లు వేశారా? అయితే అదే వేగానికి ఇంజన్ ఇంతకుముందుకన్నా తక్కువ ఆర్‌పీఎంలో తిరుగుతుంది, టర్బో మేలుకునే చోటుకి ఆలస్యంగా చేరుతుంది. బెల్ట్ సీవీటీ (గేర్లకి బదులు బెల్టుతో నడిచే ట్రాన్స్‌మిషన్) ఉన్న సైడ్ బై సైడ్ (పక్కపక్కన సీట్లుండే చిన్న ఆఫ్‌రోడ్) బండ్లలో క్లచ్ బరువులు కిట్‌కి తగ్గట్టు మార్చకపోయినా ఇలాంటి ఫిర్యాదే వస్తుంది. బూస్ట్ బాగానే ఎక్కి, ఆర్‌పీఎం పెరిగి, బండి మాత్రం ముందుకు దూకట్లేదంటే బెల్ట్ వాసన చూడండి. అది జారుతోంది, టర్బోకి దీంతో సంబంధం లేదు.

ఇప్పుడు అంకెని స్ప్రింగ్‌తో పోల్చండి

కాగితం మీద రాసుకున్న స్ప్రింగ్ విలువ ఇక్కడ పనికొస్తుంది. ఉదాహరణకి స్ప్రింగ్ 7 పీఎస్‌ఐది, కంట్రోలర్‌తో మీరు 11 నడుపుతున్నారు అనుకుందాం.

వచ్చేది 7 కన్నా తక్కువైతే గాలి లీకవుతోంది, లేదా గాలి చాలినంత లోపలికి రావట్లేదు, లేదా వేస్ట్‌గేట్ మూసుకోవట్లేదు, లేదా ఎగ్జాస్ట్ టర్బైన్ దాకా చేరకుండానే కారిపోతోంది. సరిగ్గా 7 దగ్గర ఆగిపోతే పైపుల జోలికి పోకండి, కంట్రోలర్ పని చేయట్లేదు. 11 దాటి పోతుంటే వేస్ట్‌గేట్‌కి వార్త అందట్లేదు, లేదా అందినా తెరుచుకోలేకపోతోంది.

సరిగ్గా స్ప్రింగ్ దగ్గరే ఆగే కేసు తేలిక. ఎలక్ట్రానిక్ కంట్రోలర్ అయితే సాలినాయిడ్ (కరెంటుతో పనిచేసే చిన్న వాల్వ్) ప్లగ్ ఊడిందేమో, బురదనీళ్లకి పిన్నులు పచ్చబడ్డాయేమో చూడండి. సాలినాయిడ్‌కి విడిగా 12 వోల్టులు తాకిస్తే టక్కుమని చప్పుడు రావాలి. చేత్తో తిప్పే రకం అయితే లోపలి బంతి, స్ప్రింగ్ దుమ్ముకి పట్టేశాయేమో విప్పి తుడవండి. ఆ కంట్రోలర్‌కి సూది మొన అంత రంధ్రం ఒకటి ఉంటుంది. యాక్చుయేటర్ వైపు చిక్కుకున్న గాలిని వదలడం దాని పని. దుమ్ములో తిరిగే బండికి అది మూసుకుపోతుంది, అప్పుడు వేస్ట్‌గేట్ కొంచెం తెరుచుకునే ఉండిపోతుంది. మొదటిసారి తొక్కితే బూస్ట్ సరిగ్గా వచ్చి, వెంటనే రెండోసారి తొక్కితే తక్కువ వస్తోందంటే నేను ముందు ఈ రంధ్రాన్నే చూస్తాను.

తక్కువ బూస్ట్: ఫిల్టర్ వైపు నుంచి మొదలుపెట్టండి

ఫిల్టర్ తీసి చూడండి. నీళ్లలోంచి దాటిన తర్వాత తడిసిన పేపర్ ఫిల్టర్ ఉబ్బి గాలిని అడ్డుకుంటుంది. పైకి శుభ్రంగానే కనిపిస్తుంది, మోసపోకండి. ఫిల్టర్ లేకుండా నడిపి చూద్దామనే ఆలోచన మాత్రం వద్దు. నిమిషానికి లక్ష సార్లకి పైగా తిరగగల కంప్రెసర్ చక్రానికి ఇసుక రేణువు కూడా తక్కువది కాదు. కొత్త ఫిల్టర్ పెట్టి చూడండి.

తర్వాత ఫిల్టర్‌కీ టర్బోకీ మధ్య హోస్. ఇది మెత్తటి రకం అయితే అధిక ఆర్‌పీఎంలో టర్బో పీల్చే బలానికి లోపలికి ముడుచుకుపోతుంది. బూస్ట్ బాగా ఎక్కి, పైకి వెళ్లేకొద్దీ ఉన్నట్టుండి పడిపోతుంటే ఇదే కావచ్చు. బండి నిలబెట్టి చూస్తే ఏమీ తెలియదు. చేత్తో నొక్కితే సులువుగా అణిగిపోయే హోస్ ఏదైనా ఉంటే లోపల తీగ చుట్ట ఉన్నది వేయండి. అక్కడున్నప్పుడే ఆ పైపు లోపలి గోడని వేలితో ఒకసారి తుడవండి. వేలికి సన్నటి దుమ్ము అంటిందంటే ఫిల్టర్ పక్కనుంచి దుమ్ము లోపలికి పోతోంది. ఈ రోజు మీరు వెతికే తప్పు అది కాకపోవచ్చు, కానీ టర్బో ఆయుష్షు తినేది అదే.

లీక్ టెస్ట్

ఈ పని ఎలా చేయాలో సరిగ్గా నేర్చుకుంటే మిగతాదంతా సగం తగ్గిపోతుంది. కాబట్టి నెమ్మదిగా చెబుతాను.

మీ టర్బో నోటికి సరిపోయే కొలత పీవీసీ ఎండ్ క్యాప్ ఒకటి తీసుకోండి. దానికి రంధ్రం చేసి ట్యూబ్‌లెస్ టైర్ వాల్వ్ దూర్చండి. సక్షన్ హోస్ విప్పి, ఆ క్యాప్‌ని చిన్న సిలికాన్ హోస్ ముక్కతో టర్బో నోటికి తగిలించి రెండు వైపులా క్లాంపులు బాగా బిగించండి. ఇంజన్ చల్లగా, ఆపి, న్యూట్రల్‌లో ఉండాలి. పెట్రోల్ బండైతే థ్రాటిల్‌ని కొంచెం తెరిచి పెట్టండి. మూసి ఉంటే గాలి మానిఫోల్డ్ దాకా పోదు. పైగా బ్లో ఆఫ్ వాల్వ్ వెనక పీడనం లేక అది తెరుచుకుని, లేని లీకుని చూపిస్తుంది.

ఎయిర్ కంప్రెసర్‌కి రెగ్యులేటర్ తప్పనిసరి. 5 పీఎస్‌ఐతో మొదలుపెట్టండి. 10 దాకా పెంచొచ్చు, మీరు రోజూ నడిపే బూస్ట్ దాటించొద్దు. క్యాప్ ఎదురుగా ముఖం పెట్టొద్దు. సరిగ్గా బిగించని క్యాప్ ఊడితే రాయి విసిరినట్టే వస్తుంది.

ఇప్పుడు చెవి పెట్టండి. పెద్ద లీకులు బుస్సుమని వాటంతట అవే చెబుతాయి. చిన్నవాటికి స్ప్రే సీసాలో సబ్బు నీళ్లు. ప్రతి క్లాంపు, ప్రతి హోస్ చివర, ఇంటర్‌కూలర్ ట్యాంకు వెల్డింగ్, థ్రాటిల్ షాఫ్ట్, ఇంజెక్టర్ల మొదళ్లు, గేజ్ కోసం వేసిన టీ (T) ఆకారపు ముక్క, అన్నిటిమీదా కొట్టి నురగ ఎక్కడ పొంగుతుందో చూడండి. చెయ్యి దూరని చోట మణికట్టు లోపలి వైపు తడిపి దగ్గరగా పెట్టండి. చెవికి వినపడని గాలి కూడా ఆ తడి చర్మానికి చల్లగా తగులుతుంది.

రెండు చప్పుళ్లు మిమ్మల్ని కంగారు పెట్టొచ్చు. సైలెన్సర్‌లోంచి గాలి వస్తుంటే ఏదో ఒక సిలిండర్‌లో రెండు వాల్వులూ కాస్త తెరుచుకున్న స్థితిలో ఇంజన్ ఆగి ఉండొచ్చు. స్పానర్‌తో క్రాంక్‌ని కొంచెం తిప్పి మళ్లీ చూడండి. ఆయిల్ పోసే మూత తీస్తే అక్కడ నుంచి బాగా బుసకొడుతోందంటే పీసీవీ వాల్వ్ (ఇంజన్ లోపలి ఆవిరిని ఇంటేక్‌లోకి పంపేది) వెనక్కి గాలిని వదిలేస్తోంది. పిస్టన్ రింగుల పక్కనుంచి కొద్దిగా రావడం మామూలే.

టెస్ట్‌లో ఏమీ దొరకలేదా? అయినా బండి నిర్దోషి అనుకోవద్దు. నా బండి ఇంటర్‌కూలర్ పైపుతో నేను పడ్డ అవస్థ ఇదే. నిలబెట్టి 10 పీఎస్‌ఐ పెడితే చుక్క నురగ లేదు. దారి మీద 11 రావాల్సిన చోట 6. చివరికి సబ్బు నీళ్లు పక్కన పెట్టి, టార్చి పట్టుకుని బండి కిందికి దూరితే కనిపించింది. పైపులన్నీ ఎర్రటి దుమ్ముతో ఒకే రంగులో ఉన్నాయి, ఒక్క హోస్ మొదట్లో మాత్రం అరచేయంత మేర నల్లగా, జిడ్డుగా ఉంది. టర్బో నుంచి వచ్చే గాలిలో కాస్త ఆయిల్ ఆవిరి ఎప్పుడూ ఉంటుంది. చీలికలోంచి ఆ ఆవిరి బయటికి చిమ్మి, దాని మీద దుమ్ము అంటుకుని అట్టకట్టింది. హోస్ ఛాసిస్‌కి రాసుకుని రాసుకుని క్లాంపు కింద చీలింది. నిలబడి ఉంటే ఆ చీలిక మూసుకునే ఉంటుంది. బరువు పడి ఇంజన్ మౌంట్ల మీద ఒక పక్కకి ఒరిగినప్పుడు మాత్రం పైపు లాగబడి నోరు తెరుస్తుంది. అప్పటి నుంచీ నేను లీక్ టెస్ట్ పెట్టినప్పుడు ప్రతి పైపుని చేత్తో పట్టి అటూ ఇటూ లాగుతాను, మెలిపెడతాను. మీరూ అలా చేయండి. వీలైతే సబ్బు నీళ్లకంటే ముందే, బండి కడగకముందే, ఆ నల్ల జిడ్డు మచ్చల కోసం వెతకండి. బండి కడిగేస్తే సాక్ష్యం పోతుంది.

కంట్రోలర్ మాట కూడా ఇక్కడే. ఆ 6ని 11 చేయడానికి, కారణం వెతకకుండా కంట్రోలర్ మర మూడు చుట్లు బిగించాను. కాస్త పెరిగింది, సంతోషించాను. తర్వాత హోస్ మార్చి, మరని అలాగే మరిచిపోయి తొక్కితే ముల్లు 16 దాటింది. వెంటనే కాలు తీశాను కాబట్టి బతికిపోయింది ఇంజన్. లీకుని కంట్రోలర్‌తో కప్పిపుచ్చితే, అది పూడిన రోజున అప్పు వడ్డీతో సహా ఇంజనే కట్టాలి.

హోస్ మళ్లీ బిగించేటప్పుడు పైపు చివర, హోస్ లోపలా బ్రేక్ క్లీనర్‌తో జిడ్డు పూర్తిగా తుడవండి. ఆయిల్ అంటిన సిలికాన్ బూస్ట్ పడగానే జారి ఊడుతుంది. పైపు చివర ఉబ్బెత్తు అంచు ఉండాలి, క్లాంపు ఆ అంచు దాటాక లోపలి వైపు కూర్చోవాలి. గుంతల్లో ఎగిరే బండికి మామూలు మర క్లాంపుల కన్నా టీ బోల్ట్ క్లాంపులు నయం.

లీకు ఉన్నప్పుడు పొగ కూడా ఒక మాట చెబుతుంది. డీజిల్ బండి నల్ల పొగ కక్కుతుంది. పెట్రోల్ బండికి ఫిల్టర్ దగ్గర గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ ఉంటే, కొలిచిన గాలి మధ్యలో పోతుంది కాబట్టి పెట్రోల్ ఎక్కువై నల్లగా పొగ, పచ్చి వాసన వస్తాయి. మ్యాప్ సెన్సర్ మీదే నడిచే పెట్రోల్ బండిలో ఇలాంటి సూచన పెద్దగా ఉండదు. టర్బో మాత్రం అదే బూస్ట్ కోసం ఇంకా వేగంగా తిరుగుతూ అరిగిపోతుంటుంది.

వేస్ట్‌గేట్, ఎగ్జాస్ట్ వైపు

పైపులు బాగున్నాయని తేలాక యాక్చుయేటర్ రాడ్ చివర క్లిప్ తీసి, వేస్ట్‌గేట్ చేతిని వేలితో తిప్పి చూడండి. ఎక్కడా పట్టకుండా కదలాలి, మూసినప్పుడు టక్కున కూర్చోవాలి. నీళ్లు దాటే బండికి తుప్పు, పాత డీజిల్‌కి మసి, ఈ రెండూ దాన్ని సగంలో ఆపేస్తాయి. రాడ్ తిరిగి తగిలించేటప్పుడు కొంచెం లాగితే గానీ పిన్ను మీదికి రాకూడదు. కిట్ కాగితంలో కొలత ఉంటే అదే పాటించండి. లేకపోతే 2 మిల్లీమీటర్ల లాగుడుతో మొదలుపెట్టండి. లాగకుండానే వదులుగా కూర్చుంటే ఎగ్జాస్ట్ తోపుకి గేటు ముందే తెరుచుకుని బూస్ట్ తగ్గుతుంది.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కీ టర్బోకీ మధ్య లీకుని చాలామంది పట్టించుకోరు. అక్కడ కారిపోయే ప్రతి బొట్టు వేడి గ్యాసూ టర్బైన్‌కి దక్కనిదే. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే టిక్ టిక్ మని వినిపించి, వేడెక్కాక తగ్గిపోతే అనుమానించండి. గాస్కెట్ అంచుల్లో నల్లటి మసి చారలు, విరిగిన స్టడ్, మానిఫోల్డ్ మీద జుట్టంత పగులు చూడండి. ఇంజన్ చల్లగా, ఆపి ఉన్నప్పుడు వ్యాక్యూమ్ క్లీనర్ గాలి వదిలే వైపుని సైలెన్సర్ చివర పెట్టి, సబ్బు నీళ్లు అక్కడ కొడితే నురగ వస్తుంది. టర్బో దాటాక సైలెన్సర్‌లోనో క్యాటలిటిక్ కన్వర్టర్‌లోనో అడ్డు ఉన్నా బూస్ట్ పడిపోతుంది. వెనక్కి జారి బురద గట్టుని గుద్దిన బండికి ముందు సైలెన్సర్ నోట్లో టార్చి వేసి చూడండి, నవ్వకండి.

ఎక్కువ బూస్ట్: ముందు బండి ఆపండి

తక్కువ బూస్ట్‌తో ఇంటికి నెమ్మదిగా రావచ్చు. ఎక్కువ బూస్ట్‌తో మాత్రం ఒక్కసారి కూడా తొక్కొద్దు. పెట్రోల్ ఇంజన్లో ఇంధనం చాలక నాకింగ్ (సిలిండర్లో ఇంధనం అదుపు తప్పి పేలడం) మొదలైతే పిస్టన్లు కొన్ని సెకన్లలో పోవచ్చు. అడవిలో ఇది జరిగితే యాక్సిలరేటర్ తేలిగ్గా వాడుతూ, ముల్లు సున్నా దగ్గరే ఉంచుతూ బయటికి రండి.

ఇక్కడ ఒక లెక్క తలకిందులుగా ఉంటుంది, చాలామంది పొరబడేది దీని దగ్గరే. మిగతా ఏ గొట్టం ఊడినా బూస్ట్ తగ్గుతుంది. వేస్ట్‌గేట్‌కి పోయే చిన్న గొట్టం ఊడితే మాత్రం పెరుగుతుంది. "బూస్ట్ చాలింది, తెరుచుకో" అని యాక్చుయేటర్‌కి చెప్పేది ఆ గొట్టంలోని పీడనమే. అది అందకపోతే గేటు మూసుకునే ఉంటుంది, టర్బో పెంచుకుంటూ పోతుంది. కాబట్టి ముందు ఆ గొట్టం చివరలు రెండూ చూడండి. ఎగ్జాస్ట్ పక్కనుంచి పోతుంటే కరిగి ఉంటుంది, కొమ్మ తగిలి ఊడి ఉంటుంది, నొక్కుకుపోయి ఉంటుంది.

గొట్టం బాగుంటే యాక్చుయేటర్ వంతు. గేజ్ ఉన్న చేతి పంపుతో నేరుగా దానికి పీడనం ఇవ్వండి. స్ప్రింగ్ విలువ దగ్గరపడేసరికి రాడ్ కదలడం మొదలవ్వాలి. పంపు ఆపి ఒక నిమిషం చూడండి. ముల్లు జారిపోతుంటే లోపలి రబ్బరు పొర (డయాఫ్రమ్) చిరిగింది. పీడనం నిలబడినా రాడ్ కదలకపోతే గేటు పట్టేసింది. విడిగా బిగించే ఎక్స్‌టర్నల్ వేస్ట్‌గేట్‌కి పైనా కిందా రెండు రంధ్రాలుంటాయి. ఈ మధ్య ఎవరైనా విప్పి బిగించి ఉంటే ఆ రెండు గొట్టాలు తారుమారయ్యాయేమో, బంతి రకం కంట్రోలర్ వెనక ముందుగా తగిలించారేమో చూడండి.

అన్నీ బాగుండి కూడా పెరుగుతుంటే వీడియో మళ్లీ చూడండి. ముల్లు ఒక్కసారి ఎగిరి వెంటనే సరైన చోటుకి దిగితే అది స్పైక్. వేస్ట్‌గేట్ ఆలస్యంగా స్పందిస్తోంది, గొట్టం మరీ పొడుగ్గా ఉందేమో, కంట్రోలర్ సెట్టింగ్ మరీ దూకుడుగా ఉందేమో చూడాలి. సరైన చోట ఆగినట్టే ఆగి, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ తానూ నెమ్మదిగా పాకుతుంటే అది క్రీప్. ఎగ్జాస్ట్ మొత్తాన్ని దాటించడానికి వేస్ట్‌గేట్ రంధ్రం చాలట్లేదు. ఫ్రీ ఫ్లో సైలెన్సర్ వేసిన తర్వాత మొదలైతే దాదాపు ఇదే. దీన్ని ఏ మరా బిగించి సరిచేయలేరు. రంధ్రం పెద్దది చేయించడమో పెద్ద వేస్ట్‌గేట్ వేయడమో తప్పదు.

ముల్లు వణుకుతూ ఊగుతుంటే వదులు ప్లగ్గో, వదులు గొట్టమో, బ్లో ఆఫ్ వాల్వ్ స్ప్రింగో అయి ఉంటుంది. వాల్వ్‌ని తాత్కాలికంగా తీసి మూత పెట్టి, సగం థ్రాటిల్‌తో ఒకసారి చూస్తే తేలిపోతుంది. అలా ఎక్కువసేపు నడపొద్దు, కాలు తీసినప్పుడల్లా గాలి వెనక్కి తన్ని కంప్రెసర్‌ని కొడుతుంది.

బూస్ట్ బాగుంది, బండి లాగట్లేదు

అప్పుడు ఇంటర్‌కూలర్ చూడండి. వెనక చక్రాల దగ్గర పెట్టిన ఇంటర్‌కూలర్ రెక్కల మధ్య బురద ఎండి ఇటుకలా అయి ఉంటుంది. పీడనం అంతే ఉంటుంది, గాలి మాత్రం వేడిగా, పలచగా లోపలికి పోతుంది. ఈసీయూకి (ఇంజన్ కంప్యూటర్‌కి) ఇంటేక్ వేడి తెలిసే బండైతే అదే పవర్ తగ్గించేస్తుంది. పైపుతో మెల్లగా, వెనక వైపు నుంచి ముందుకి కడగండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రెక్కలు వాలిపోయి గాలి దారి శాశ్వతంగా మూసుకుంటుంది.

ఎత్తు ప్రదేశాలకి వెళ్తే కూడా ఇలాగే అనిపిస్తుంది. స్ప్రింగ్‌తో నడిచే వేస్ట్‌గేట్ బయటి గాలి మీద ఎంత ఎక్కువ అన్నదే చూస్తుంది. అందుకే గేజ్‌లో అదే 7 కనిపిస్తుంది, కానీ అడుగున ఉన్న బయటి గాలే తగ్గిపోయింది. ఇక్కడ కంట్రోలర్ పెంచాలని చెయ్యి దురద పెడుతుంది. పలచటి గాలిలో అదే బూస్ట్‌కి టర్బో అప్పటికే ఎక్కువ వేగంతో తిరుగుతోంది. పెంచకండి.

ఇక టర్బో

ఇవన్నీ అయ్యాకే టర్బో నోట్లో వేళ్లు పెట్టండి, ఇంజన్ పూర్తిగా చల్లారాక. చక్రం వేలితో తిప్పితే నున్నగా తిరగాలి. షాఫ్ట్‌ని పక్కలకి కదిపితే కొద్దిగా ఆడటం మామూలే, బుష్ బేరింగ్ టర్బోలో ఆ ఖాళీని నడిచేటప్పుడు ఆయిల్ పొర నింపుతుంది. పక్కకి నొక్కి తిప్పినప్పుడు రెక్కలు గోడకి రాసుకుంటే, లేదా షాఫ్ట్ లోపలికీ బయటికీ స్పష్టంగా ఆడితే, విప్పాల్సిందే. రెక్కల అంచులు మొద్దుబారి, ఇసుక కాగితంతో రుద్దినట్టుంటే దుమ్ము తిన్నది. పైపులో సన్నటి ఆయిల్ పొర ఉంటే పట్టించుకోవద్దు. వంచితే కారేంత ఉండి, నీలం పొగ కూడా వస్తుంటే ముందు ఆయిల్ కిందికి దిగే పైపు మడత పడిందేమో చూడండి. ఆ పైపులో ఆయిల్ బరువుతో దానంతటదే జారాలి. అడ్డు ఉంటే కొత్త టర్బో వేసినా వారంలో ఇదే కథ.

మళ్లీ నడిపి చూసేటప్పుడు

కంట్రోలర్ ఉంటే దాన్ని కనీసానికి దించండి, ఎలక్ట్రానిక్ అయితే ప్లగ్ తీసేసి స్ప్రింగ్ మీదే నడపండి. అదే ఎక్కుడు దారి, అదే మూడో గేర్. మొదట సగం థ్రాటిల్, తర్వాత పూర్తిగా. ముల్లు స్ప్రింగ్ విలువకి అటూ ఇటూ 1 పీఎస్‌ఐలో నిలబడితే యంత్ర భాగాలన్నీ బాగున్నట్టే. అప్పుడు కంట్రోలర్‌ని ఒక్కో పీఎస్‌ఐ చొప్పున పెంచుతూ, ప్రతిసారీ వైడ్‌బ్యాండ్ మీటర్‌లో ఇంధన మిశ్రమం, డీజిల్ అయితే ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత చూస్తూ, పాత అంకె దగ్గర ఆపండి. డీజిల్‌లో టర్బైన్‌కి ముందు కొలిచే ఉష్ణోగ్రత 700 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిలబడిపోతుంటే కాలు తీయండి.

మొదటి 50 కిలోమీటర్లు తిరిగి వచ్చాక, ఇంజన్ చల్లారాక, మీరు ముట్టుకున్న ప్రతి క్లాంపునీ మళ్లీ ఒకసారి బిగించండి. కొత్త సిలికాన్ హోస్ వేడికి సర్దుకుని కాస్త సన్నబడుతుంది, క్లాంపు అర చుట్టు తప్పకుండా అడుగుతుంది.